మెట్ల సినిమాలో చీకటి

ఆఫీసులో అందరూ ఆమెను మచ్చలక్క అంటారు. ఆమె ముఖాన వెతికినా ఒక్క మచ్చ దొరకదు. ముప్పై ఏళ్ళుగా ఇతరుల మచ్చలు తీయడమే ఆమె పని కాబట్టి ఆ పేరు అలా అంటుకుపోయింది. అన్నీ తీయగలిగిన మనిషి ఆ ఒక్క పేరును మాత్రం తీసేసుకోలేకపోయింది.

మొదట్లో ఒక ఫొటో స్టూడియో వెనకగదిలో కూర్చునేది. వాలుబల్లకు బిగించిన అద్దం, అద్దం కింద దీపం, అద్దం మీద నెగటివు, చేతిలో సూదిలా చెక్కిన పెన్సిలు. ఊపిరి బిగబట్టి మొటిమల్నీ, గాట్లనీ, కళ్ళ కింద నిద్రలేని నీడల్నీ పూడ్చేసేది. ఒకసారి ఒకావిడ ఫొటో దిగి వెళ్ళింది. ఎడమ చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ. మచ్చలక్కకు చెయ్యి ఊరుకోలేదు, దాన్నీ తీసేసింది. ఫొటో తీసుకెళ్ళిన మర్నాడే ఆవిడ వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి, "ఇదెవరు?" అంది.

"మీరేనండీ."

"నేనైతే మా అమ్మ గుర్తుపట్టాలి కదా. పొద్దుట్నుంచి అడుగుతోంది, ఈ పిల్ల ఎవరే అని."

అని, బల్ల మీది పెన్ను తీసుకుని, ఫొటోలో తన మచ్చ తనే పెట్టుకుని వెళ్ళిపోయింది. స్టూడియో యజమాని వారం పాటు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వాడు. మచ్చలక్క నవ్వలేదు. నున్నగా చేసిపెడితే మెచ్చుకోకపోగా తప్పు పడతారా అని ఒళ్ళు మండింది. ఆ మంట అప్పట్నుంచీ ఆరలేదు. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినా మంట మాత్రం ఆమెతో పాటే వచ్చింది.

ఇప్పుడు ఆమె పనిచేసే చోటు మూడో అంతస్తులో కిటికీ లేని గది. గోడలకు బూడిద రంగు వేశారు, మరే రంగున్నా కంటిని మోసం చేస్తుందని. పాత నలుపు తెలుపు నేరకథల సినిమాలు రేకు డబ్బాల్లో అక్కడికి వస్తాయి. మూత తీస్తే పులిసిన వాసన. ఆ రీళ్ళను ఒక్కొక్క బొమ్మగా కంప్యూటరుకెక్కించి, గీతలూ దుమ్మూ తీసి, జనం ఇంట్లో కూర్చుని చూసుకునేలా డిస్కులు వేయడం ఆ కంపెనీ పని. వర్షంలో తడిసిన వీధులు, టోపీ అంచు కింద సగం ముఖం, కిటికీ చువ్వల నీడలు పడి చారలు చారలైన గోడలు. ఆ సినిమాల్లో వెలుగు అతిథిలా వస్తుంది. ఇల్లంతా చీకటిది.

సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. గంటన్నర సినిమా అంటే లక్షా ముప్పై వేలకు నాలుగొందలు తక్కువ. ఒకే ఒక్క బొమ్మలో మెరిసి, దాని ముందూ వెనకా లేని తెల్లచుక్క కనబడితే యంత్రం దాన్ని దుమ్మని పట్టుకుంటుంది. యంత్రం వదిలేసినవాటిని మచ్చలక్క చేత్తో తీస్తుంది. యంత్రం మీద ఆమెకు బొత్తిగా గౌరవం లేదు. "కళ్ళున్నాయి గానీ చూపు లేదు దీనికి," అంటుంది, తెర మీద వేలితో కొడుతూ. పదకొండేళ్ళలో ఆమె చేసిన సినిమాల్లో ఒక్క మచ్చ మిగిలిందని ఎవరూ అనలేదు. ఆ మాట ఆమె ఎక్కడా చెప్పుకోదు, కానీ కుర్చీలో నిటారుగా కూర్చునే తీరులో అది కనిపిస్తుంది.

గొడవ మెట్ల సినిమాతో వచ్చింది. దానికి పేరుంది, కానీ ఆఫీసులో అందరూ మెట్ల సినిమా అనే అంటారు. చివరి పావుగంటకు ముందు కథానాయిక తన ఇంటి మెట్లెక్కుతూ సగంలో ఆగుతుంది. చేతిసంచిలో తాళంచెవి వెతుక్కుంటుంది. ఎడమవైపు, మెట్ల కింద, నిండు చీకటి. ఆమె వెతుకుతూ వెతుకుతూ తలెత్తి ఆ చీకట్లోకి చూసి, సంచి జారవిడిచి, పైకి పరుగెడుతుంది. అంతా కలిపి నలభై సెకన్లు. మచ్చలక్క దృష్టిలో ఆ నలభై సెకన్ల చీకటి మొత్తం సినిమాలోకెల్లా అందమైనది. అంత లోతైన నలుపు ఆమె ఇంతవరకు చూడలేదు. బావిలోకి తొంగిచూసినట్టు, చూసేకొద్దీ ఇంకా కిందికి ఉండేది.

మేనేజరుకు అది నచ్చలేదు. ఆయన ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న. ప్రతి సినిమాకూ 'కాస్త వెలుగు పెంచుదాం' అంటాడని వెనకాల వెలుగుబాబు అని పిలుస్తారు. డిస్కులు కొన్నవాళ్ళు రాసిన ఉత్తరాలు ఒక అట్టపెట్టెలో దాస్తాడు. సగానికి పైగా 'ఏమీ కనపడలేదు' అనేవే. ఒకాయనైతే కరెంటు పోయిందనుకుని లేచివెళ్ళి ఫ్యూజులు చూసుకున్నానని రాశాడు.

"అక్కా, ఆ మెట్ల దగ్గర నలభై సెకన్లు ఏమీ కనపడట్లేదు," అన్నాడు మేనేజరు.

"కనపడకూడదు కాబట్టి కనపడట్లేదు."

"మరి ఆవిడ ఎందుకు భయపడింది?"

"చీకట్లోకి చూసి భయపడింది."

"ఊరికే చీకటిని చూసి సంచి పారేసుకుంటారా ఎవరైనా? మీరు పారేసుకుంటారా?"

"నాకు చీకటంటే భయం లేదు బాబూ. మీ వెలుగంటేనే భయం."

పక్కగదిలో రంగులాయన ఉంటాడు. నలుపూ తెలుపూ ఎంతెంత ఉండాలో సరిచేయడం ఆయన పని. నాలుగేళ్ళుగా ఒక్క రంగైనా ముట్టుకోకపోయినా రంగులాయనే. మేనేజరు చెప్పగా ఆయన మీట తిప్పాడు. మెట్ల కింద నలుపు, నీళ్ళు కలిపిన సిరాలా పలచబడింది. అందులోంచి ముందు ఒక టోపీ తేలింది, తర్వాత కోటు, తర్వాత ముఖం. మొదటి రీలులో పడవ మునిగి చచ్చిపోయాడని అందరూ అనుకున్న కథానాయిక మొగుడి ముఖం. ఆ ముఖం వెనక, షూటింగు నాడు ఎవరో తీయడం మరిచిపోయిన ఒక నిచ్చెన.

"చూశారా, ఇప్పుడు భయం అర్థమవుతోంది," అన్నాడు మేనేజరు.

"భయమేంటి, సినిమా మొత్తం అర్థమైపోయింది. మొగుడు బతికే ఉన్నాడని చివర్లో అగ్గిపుల్ల గీసినప్పుడు కదా తెలియాలి. ఇక్కడే తెలిస్తే ఇంకో పావుగంట జనం ఎందుకు కూర్చుంటారు? నిచ్చెన చూడ్డానికా?"

రంగులాయన దగ్గుతున్నట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. మేనేజరు కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, "ఇంటిచీటీ ఏం చెబితే అది చేద్దాం," అన్నాడు.

ఇంటిచీటీ ఆ కంపెనీలో పాత పద్ధతి. డిస్కు అచ్చుకు వెళ్ళేముందు ఆ సినిమా మీద పనిచేసిన ఒకరు దాన్ని తమ ఇంటికి తీసుకువెళ్ళి, ఇంటివాళ్ళతో, ఇంటి టీవీలో చూడాలి. తెరలు వేయకూడదు, లైట్లు ఆపకూడదు, రోజూ ఎలా చూస్తారో అలాగే చూడాలి. తర్వాత ఒక కాగితం నింపాలి. ఏడో ప్రశ్న: ఏ సన్నివేశమైనా అర్థం కాలేదా?

"మీ ఇంట్లోవాళ్ళకి మెట్ల సన్నివేశం అర్థమైతే చీకటి జోలికి రాను. అర్థం కాకపోతే మీట తిప్పేద్దాం. సోమవారం సాయంత్రానికి చీటీ ఇవ్వండి," అన్నాడు మేనేజరు.

మచ్చలక్క సరేనని తలూపింది. బస్సెక్కాక తను దేనికి ఒప్పుకుందో తెలిసొచ్చింది. ఆమె ఇల్లు చీకటికి పుట్టుశత్రువు.

భర్తది కళ్ళద్దాల షాపు. ఏ వస్తువైనా రెండుసార్లు తుడిచి, వెలుగుకు పట్టి చూస్తే గానీ ఆయనకు తృప్తి ఉండదు. కళ్ళకు మంచిదని ఇంటి హాల్లో రెండు ట్యూబులైట్లు పెట్టించాడు. టీవీలో వెలుగు ఎంతవరకు పెరుగుతుందో అంతవరకు పెంచి ఉంచాడు. ఆ టీవీ సరిగ్గా బాల్కనీ తలుపుకు ఎదురుగా ఉంటుంది.

ఇక అత్తగారు. ఆవిడ ఇరవై ఆరేళ్ళు ఒక సినిమాహాలు టికెట్ల కిటికీలో పనిచేసి రిటైరైంది. ఆట మొదలైన అరగంట దాకా కిటికీ మూయడానికి లేదు. అందుకని ఆ రోజుల్లో వచ్చిన ఏ సినిమాకూ ఆవిడకు మొదటి అరగంట తెలీదు, మిగతాదంతా మాటమాటకూ వచ్చు. ఎవరు చంపారో చెబుతుంది; ఎవర్ని చంపారంటే ఆలోచిస్తుంది. టీవీలో పాత సినిమా పెడితే చాలు, వంటింట్లోంచే దొంగ ఎవరో చెప్పేస్తుంది. అందుకే మచ్చలక్క తన చేతిలో ఏ సినిమా ఉందో ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పదు. పదకొండేళ్ళుగా ఆఫీసు రహస్యమేదో మోస్తున్నట్టు మోస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డిస్కు పెట్టింది. పెట్టేముందు, నియమం ఒప్పుకోదని తెలిసీ, స్టూలెక్కి బాల్కనీ తలుపుకు అడ్డంగా నల్ల దుప్పటి కట్టడం మొదలుపెట్టింది.

"బట్టలు ఆరేస్తారని తెలుసు గానీ," అన్నాడు భర్త సోఫాలోంచి, "చీకటిని ఆరేయడం ఇప్పుడే చూస్తున్నా."

"ఆ ట్యూబులైటు ఒక్కటి ఆపండి."

"కళ్ళు పాడవుతాయోయ్. చీకట్లో తెర చూడొద్దని నా షాపులో బోర్డు కూడా ఉంది."

"ఒక్క గంటన్నరకి మీ షాపేం మూతబడదు లెండి."

ఆయన గొణుక్కుంటూ లేచి ఒక లైటు ఆపాడు. అత్తగారు మధ్యలో కూర్చుంది. కిందటి నెలే ఆవిడకు కుడికంటి పొర తీశారు, ఎడమది ఇంకా ఉంది. అందుకని దేన్నైనా చూడాలంటే పిట్టలా తల పక్కకు తిప్పి కొత్త కంటితో చూస్తుంది. "దుప్పటి తీసెయ్ అమ్మాయ్, ఉక్కపోస్తోంది," అంది. దుప్పటి దిగింది. నియమం గెలిచింది.

సినిమా మొదలైంది.

"ఈ పిల్లెవరు?" అంది అత్తగారు.

"చూస్తే తెలుస్తుంది అత్తయ్యా."

"ఆ పడవలో వాడెవడు?"

"మొగుడు."

"ఎవరి మొగుడు?"

"ఆ పిల్ల మొగుడే."

"మరి మునిగిపోతుంటే అరవదేంటి? నేనైతే ఊరంతా లేపేదాన్ని."

"మీరు లేపుతారు లెండి," అంది మచ్చలక్క పళ్ళ సందున. భర్త షాపు నుంచి ఫోనొచ్చిందని తెరకు అడ్డంగా ఒకసారి వెళ్ళాడు, మాట్లాడి ఇంకోసారి వచ్చాడు, కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయానని రెండో ట్యూబులైటు కూడా వేశాడు. కళ్ళద్దాలు ఆయన నెత్తిమీదే ఉన్నాయి. మచ్చలక్క చెప్పలేదు. చెప్పే ఓపిక పోయింది.

అరగంట దాటింది. అత్తగారు ఉన్నట్టుండి నిటారుగా లేచి కూర్చుని, "ఇదా. ఇది నాకు తెలుసే," అంది.

మచ్చలక్క రెండు చేతులూ జోడించింది. "చెప్పకండి అత్తయ్యా, మీకు దండం పెడతాను."

"నేనేం చెప్పను. ఆ మొగుడు..."

"అత్తయ్యా."

"సరేలే. నోరు కుట్టేసుకుంటా."

మెట్ల సన్నివేశం వచ్చింది. కథానాయిక ఆగింది. సంచిలో చెయ్యి పెట్టింది. ఎడమవైపు చీకటి పరుచుకుంది. ఆ చీకటిలో మచ్చలక్కకు కనిపించింది తన సొంత హాలు. టీవీ అద్దంలో ముగ్గురు మనుషులు వరసగా సోఫాలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ నెత్తిన రెండు ట్యూబులైట్లు, వెనక తెల్లటి ఫ్రిజ్జు, పక్కన బాల్కనీ ఎండ. లక్షా ముప్పై వేల బొమ్మలు ఉతికి తెచ్చిన చీకటిలో ఆఖరికి తేలింది తమ ఫ్రిజ్జు. భర్త ఆ అద్దంలో తనను చూసుకుని, నెత్తిమీది కళ్ళద్దాలు కనిపెట్టి, సంతోషంగా తీసి పెట్టుకున్నాడు.

కథానాయిక పరుగెత్తింది.

"నిప్పేదీ?" అంది అత్తగారు.

"ఏం నిప్పు?"

"సిగరెట్టు నిప్పు. మెట్ల కింద." ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, నడిచి, టీవీ అద్దం మీద ఎడమవైపు ఒకచోట వేలు పెట్టింది. "ఇదుగో, ఇక్కడ. వెలిగి ఆరేది, మళ్ళీ వెలిగి ఆరేది. మూడోసారికి ఆ పిల్ల చూసేది. అప్పుడు హాల్లో ఒక్కడు దగ్గేవాడు కాదు. మీ వాళ్ళు ఏం చేశారు దాన్ని?"

"అక్కడేమీ లేదత్తయ్యా. నేను నెల రోజులు చూశాను ఆ ముక్కని. మీకు కంటి ఆపరేషనయింది కదా..."

"కంటి పొర మొన్న తీశారు. నేను సినిమా చూసినప్పుడు నా కళ్ళు నీ కళ్ళలాగే ఉండేవి."

"ఇంకేదో సినిమా అయ్యుంటుంది."

"రోజుకు నాలుగాటలు, ఆరు వారాలు ఆడిందది. కిటికీ మూసి వచ్చి తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఆ నిప్పే నాకు గడియారం. అది మూడుసార్లు వెలిగిందంటే ఇంక పావుగంటలో జనం బయటికొస్తారు, గేట్లు తీయించాలి. ఒక్కరోజు తప్పలేదు. నువ్వు నాకు చెప్పకు."

మచ్చలక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. కాగితం తీసి, "ఆ సంగతి అలా ఉంచండి. ఇప్పుడు చూసిన ముక్క అర్థమైందా, లేదా?" అని అడిగింది.

"నిప్పు లేకపోతే ఏమర్థమవుతుంది? పిల్లకి పిచ్చిపట్టింది కాబోలు అనుకుంటారు."

"నాకు కరెంటు పోయిందేమో అనిపించింది," అన్నాడు భర్త. "పైకి చూస్తే మన ట్యూబులైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ధైర్యమొచ్చింది."

ఏడో ప్రశ్న ఎదురుగా గడి ఖాళీగా ఉంచి, మచ్చలక్క కాగితాన్ని మడిచి సంచిలో పడేసింది.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళింది. అత్తగారి మాట తప్పని తేల్చుకుంటే సగం చిరాకైనా తగ్గుతుందని ఆమె లెక్క. రంగులాయన ఇంకా రాలేదు. యంత్రాల ఊపిరి తప్ప గదిలో చప్పుడు లేదు. తను శుభ్రం చేయకముందు, డబ్బాలోంచి తీసింది తీసినట్టు ఎక్కించిన బొమ్మల్ని తెరిచింది. ఆ రీలు అధ్వాన్నంగా ఉండేదని గుర్తే. నలుపు మీద పిండి జల్లినట్టు దుమ్ము. అత్తగారు వేలు పెట్టిన చోటు ఎక్కడో అంచనా వేసి, అక్కడ బొమ్మను పెద్దది చేసింది.

దుమ్ము, దుమ్ము, దుమ్ము. వాటి మధ్య ఒక చుక్క.

తర్వాతి బొమ్మ. మిగతా దుమ్మంతా మాయమై వేరే దుమ్ము వచ్చింది. చుక్క అక్కడే ఉంది, వెంట్రుకవాసి పైకి జరిగి. తర్వాతి బొమ్మలో ఇంకాస్త తెల్లబడింది. ఆ తర్వాత ఇంకాస్త. అలా పెరిగి, నిలబడి, వాడిపోయింది. పదిహేను సెకన్ల చీకటి. మళ్ళీ ఒక చుక్క మొలిచింది. మళ్ళీ వాడిపోయింది. మూడోసారి మొలిచినప్పుడు కుడివైపు మెట్ల మీద కథానాయిక తల మెల్లగా అటు తిరుగుతోంది.

మచ్చలక్క కుర్చీలో వెనక్కు వాలింది. చీకట్లో ఒకడు నిలబడి ఊపిరి పీలుస్తున్నాడు. ఆ ఊపిరిని ఎవరో నున్నగా తుడిచేశారు.

ఎవరు తుడిచారో కంప్యూటరులో రాసి ఉంటుంది. ఏ బొమ్మలో ఏ మచ్చ పోయిందో, దాన్ని యంత్రం తీసిందో మనిషి తీసిందో, వరసగా పట్టీలో నమోదవుతుంది. పట్టీ తెరిచేటప్పుడు ఆమె మనసులో తిట్లు సిద్ధం చేసుకుంది. యంత్రం పని ఇది. కళ్ళున్నాయి గానీ చూపు లేదు.

డెబ్భై నాలుగు బొమ్మలు. ఒక్కదాన్నైనా యంత్రం ముట్టుకోలేదు. వరసగా ఇరవైకి పైగా బొమ్మల్లో నిలకడగా ఉన్న చుక్క దుమ్ము కాదని దానికి తెలిసింది, మర్యాదగా పక్కకు తప్పుకుంది. డెబ్భై నాలుగింటి ఎదురుగానూ ఒకే మాట: చేత్తో. పక్కన ఆమె ఉద్యోగ సంఖ్య.

ఆ రోజు కూడా గుర్తొచ్చింది. ఆ చుక్కల్ని చూసి ఆమె యంత్రాన్ని పేరుపెట్టి తిట్టింది, ఇంత పెద్ద మచ్చను ఎలా వదిలేశావే గుడ్డిదానా అని. తిట్టి, ఒక్కొక్కటీ శ్రద్ధగా తీసింది. తీశాక ఆ నలుపు ఎంత లోతుగా ఉందో చూసుకుని మురిసిపోయింది. బావి అనుకుంది. బావిలో ఉన్న మనిషిని పైకి తీసి పారేసి, నీళ్ళు ఎంత బాగున్నాయో అనుకుంది.

కోపం ఎవరి మీదైనా పెట్టాలని చూసింది. అంత చిన్న నిప్పుతో అంత పెద్ద పని చేయించిన కెమెరా మనిషి ఎప్పుడో పోయి ఉంటాడు. సిగరెట్టు తాగినవాడూ పోయి ఉంటాడు. మిగిలింది తనూ, తన కుర్చీ. మేనేజరు చెప్పినట్టు మీట తిప్పేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన వచ్చి, బల్ల దగ్గర కాసేపు నిలబడి ఉన్నట్టే ఉంది. వెలుగు పెంచిన బొమ్మలో టోపీ, ముఖం, నిచ్చెన. చుక్క అవసరమే ఉండదు. పదకొండేళ్ళ పేరు పదిలంగా ఉంటుంది. వెలుగుబాబుకు ఉత్తరాలు తగ్గుతాయి.

ఏనాటి నుంచో ఆరని మంట ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఫొటోలో ఎడమ చెంప మీద తన మచ్చ తనే పెట్టుకుని వెళ్ళిన ఆవిడ. పెన్ను అడగను కూడా అడగలేదు, అలా తీసేసుకుంది. మచ్చలక్క, "సరేనమ్మా," అంది తెరకేసి చూస్తూ, ఎవరో బతిమాలినట్టు.

డెబ్భై నాలుగు బొమ్మల్నీ మొదటికి తెచ్చి మళ్ళీ శుభ్రం చేసింది. చుట్టూ ఉన్న దుమ్ము పోవాలి, చుక్క ఉండాలి. కొన్నిచోట్ల దుమ్ము రేణువు వచ్చి సరిగ్గా నిప్పును ఆనుకుని కూర్చుంది. అక్కడ ఒక్కో బొమ్మకు పావుగంట పట్టింది. రంగులాయన తలుపులోంచి తొంగిచూసి, "ఏంటక్కా, ఇవాళ మచ్చలు పెడుతున్నావా?" అన్నాడు.

"పెట్టట్లేదు. తిరిగిస్తున్నా. లోపలికి రాకు, గాలి తగులుతుంది."

"కంప్యూటరుకి గాలేంటక్కా?"

"నాకు తగులుతుంది."

సాయంత్రం మేనేజరు గదిలో ఇంటిచీటీ బల్ల మీద పెట్టింది. ఏడో ప్రశ్నకు ఎదురుగా ఇలా రాసి ఉంది: అర్థం కాలేదు. అక్కడొక సిగరెట్టు నిప్పు ఉండాలి. దుమ్మనుకుని తీసింది నేనే. తిరిగి పెట్టాను. చీకటి తగ్గించవద్దు.

మేనేజరు రెండుసార్లు చదివాడు. గదిలోని టీవీలో ఆ ముక్క వేశాడు, లైట్లన్నీ వెలుగుతుండగానే. మొదటిసారి నిప్పు వెలిగినప్పుడు ఆయన ఫోను చూసుకుంటున్నాడు. రెండోసారి వెలిగినప్పుడు ఫోను పక్కన పెట్టాడు. మూడోసారికి కుర్చీ అంచుకు వచ్చి, మామూలు గొంతు కాని గొంతుతో, "ఎవరక్కా అక్కడ?" అన్నాడు.

"పావుగంట ఆగండి. తెలుస్తుంది."

"నేను చూశాను కదా, మొగుడే కదా..." అని తనలో తను అనుకుని, "తెలిసినా భయమేస్తోందే," అన్నాడు. చీటీ మీద సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ, "మరి పాత సినిమాల్లో కూడా ఇలాంటివి..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు.

ఆపినా అది ముల్లులా దిగింది. అప్పట్నుంచి భోజనం వేళ ఆమె అన్నం డబ్బా తెరిచి పెట్టుకుని, మరో చేత్తో పాత సినిమాల పట్టీలు తిరగేస్తుంది. 'చేత్తో' అన్న మాట కనబడిన చోటల్లా ఆగి, తీసిన మచ్చ ముఖం మళ్ళీ ఒకసారి చూస్తుంది. ఇంతవరకూ అన్నీ దుమ్మే. అయినా తిన్నది వంటబట్టడం లేదు.

మెట్ల సినిమా డిస్కు బజారులోకి వెళ్ళింది, చీకటి చీకటిలాగే, అందులో నిప్పు నిప్పులాగే. మూడు వారాలకు మేనేజరు ఒక ఉత్తరం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్ళే తీరులో నవ్వు ఆపుకుంటున్న సంగతి తెలుస్తోంది. ఎవరో సినిమాల మీద బాగా ప్రేమ ఉన్న మనిషే, అచ్చుగుద్దినట్టున్న చేతిరాత.

"మీ డిస్కు బాగుంది. కానీ మెట్ల సన్నివేశంలో ఎడమవైపు ఒక తెల్లమచ్చ మూడుసార్లు వచ్చి పోతోంది. ఇంత పేరున్న సంస్థ ఇంత కొట్టొచ్చే మచ్చను తీయకుండా వదిలేయడం విచారకరం. మీ దగ్గర ఈ పని చూసేవాళ్ళకు కళ్ళు పరీక్ష చేయించగలరు."

మచ్చలక్క ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివింది. ఐదోసారి చదివితే చింపేస్తానని భయమేసి, సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది. భర్త ఆఖరి వాక్యం చదివి, "షాపుకి పంపించు, నేను చూసి పెడతా," అన్నాడు. ఎవరి కళ్ళో చెప్పలేదు. అత్తగారు ఉత్తరం లాక్కుని, తల పక్కకు తిప్పి, కొత్త కంటితో మొదట్నుంచి చివరిదాకా చదివింది.

"పెన్నియ్యి. జవాబు నేను రాస్తా," అంది.

"ఏమని రాస్తారు?"

"అది మచ్చ కాదు నాయనా, సిగరెట్టు నిప్పు. ఆ సిగరెట్టు తాగేది ఆ పిల్ల మొగుడే, పడవలో చచ్చినట్టు నాటకమాడి..."

"అత్తయ్యా, మొత్తం కథ చెప్పేస్తే ఎలా?"

"చూసేశాడుగా, ఇంకేముంది?"

"వాళ్ళింట్లో ఇంకెవరైనా చూడనివాళ్ళుంటారు."

అత్తగారు ఆలోచనలో పడింది. ఇరవై ఆరేళ్ళు టికెట్లమ్మిన మనిషికి ఆ మాట పట్టింది. "అయితే నువ్వే రాయి," అని పెన్ను వెనక్కిచ్చేసింది. "ఒకటి మాత్రం నాకు చెప్పి రాయి. మొదట్లో ఆ పడవ దగ్గర, ఆ పిల్ల ఎందుకు అరవలేదు?"

మచ్చలక్క కాగితం మీద 'అయ్యా' అని రాసి ఆగింది. హాల్లో రెండు ట్యూబులైట్లూ వెలుగుతున్నాయి. నిట్టూర్చి, పెన్ను పక్కన పెట్టి, డిస్కు కోసం లేచింది.

"మొదటి అరగంట మళ్ళీ పెడతాను, చూడండి," అంది. "మధ్యలో ఒక్క ప్రశ్న అడిగారంటే ఆపేస్తాను."

"అడగను. ఇంతకీ ఆ పిల్ల పేరేంటి?" అంది అత్తగారు.